తల్లిదండ్రులు విడిపోయినప్పుడు కళాశాలలోని బిడ్డ

పాఠ్యభాగము: ఆదికాండము 21:8–21

హాగరును ఆమె కుమారుడును అరణ్యములో తిరిగిన సంగతి వినునప్పుడు మన కన్నుల యెదుట చంటిబిడ్డ కనబడును. లెక్క వేసి చూడుడి. ఇష్మాయేలు పుట్టినప్పుడు అబ్రాహామునకు 86 ఏండ్లు. ఇస్సాకు పుట్టినప్పుడు 100. ఇస్సాకు పాలు విడిచిన తరువాతనే వీరిని పంపివేసిరి. కాగా ఇష్మాయేలు పదునైదేండ్లు దాటినవాడు, మన ఇండ్లలో ఇంటర్మీడియట్ చదువు ఈడువాడు. మందలు, వెండి బంగారములు గల ఇంటినుండి వారు తీసికొనిపోయినది కొంత ఆహారము, ఒక నీళ్లతిత్తి. తండ్రి దుఃఖపడెను, నిజమే. అయినను నీళ్లు అయిపోయినవి.

"పెద్దపిల్లలే గదా, తట్టుకొందురులే" అని మనము తేలికగా అందుము. అమెరికాలోని కాలిఫోర్నియాలో జూడిత్ వాలర్‌స్టీన్ అను పండితురాలు 1971లో మొదలుపెట్టి, విడాకులు పొందిన 60 కుటుంబముల బిడ్డలను 25 ఏండ్లు గమనించిరి. బిడ్డకు 18 ఏండ్లు నిండగానే తండ్రి పంపు పైకము ఆగిపోవుటయు, కళాశాల ఫీజు కట్టువారు లేక చదువు కుంటుపడుటయు ఆమె చూచిరి. అది కలవారి ప్రాంతము. కూలిపనితో బ్రదుకు మన ఇండ్ల మాట చెప్పనేల?

అయితే విడిపోయిన ఇంటి బిడ్డ చెడిపోవునని తీర్పు చెప్పరాదు. 1991లో పాల్ అమాటో, బ్రూస్ కీత్ అను ఇద్దరు 92 పరిశోధనలను కలిపి చూచిరి. అట్టి బిడ్డలు చదువులో సగటున కొంత వెనుకబడిరి గాని ఆ తేడా చిన్నదే. తల్లిదండ్రులు కలిసియుండియు నిత్యము కలహించు ఇండ్లలోని బిడ్డలు వారికంటె మేలుగా లేరు. ఈ రెండవ మాటను మన సంఘ పెద్దలు మరి మరి తలంచుకొనవలెను.

నేనెరిగిన యొక చిన్నది డిగ్రీ రెండవ సంవత్సరములో నుండెను. ఒక రాత్రి తల్లి ఫోనులో ఏడ్చును. మరునాటి రాత్రి తండ్రి తల్లిమీద నేరములు చెప్పును. తెల్లవారి పరీక్ష. క్రిస్మస్ సెలవులకు ఏ ఇంటికి పోవలెనో తోచక హాస్టలులోనే ఉండిపోయెను. ఈస్టరుకు గుడికి వచ్చినప్పుడు మనవారు అడిగినదేమి? "మీ నాన్న వచ్చుచున్నాడా, అమ్మా?" అని. పరీక్ష ఫీజు కట్టితివా అని అడిగినవారు ఒక్కరును లేరు. నేనును అడుగలేదు.

1869 నాటి విడాకుల చట్టమును 2001లో సవరించిన తరువాత క్రైస్తవ దంపతులు ఉభయుల సమ్మతితో కోర్టులో విడాకులు కోరవచ్చును. కాని మన పల్లెలలో పెక్కు తగవులు పెద్దమనుష్యుల యెదుటనే తెగుచున్నవి. అక్కడ బంగారము, గేదెలు, పొలము లెక్కకు వచ్చును. కళాశాలలోనున్న బిడ్డకు ఫీజు ఎవరు, ఏ నెలలో కట్టుదురో ఆ కాగితముమీదనే వ్రాయించి ఇద్దరిచేత సంతకము చేయించుడి. పరీక్షల దినములలో బిడ్డకు ఫోను చేసి తగవు ఎత్తరాదని కూడ చెప్పుడి.

అబ్రాహాము 175 ఏండ్లు బ్రదికి మరణించెను. ఆదికాండము 25:9 చూడుడి. మక్పేలా గుహలో అతని పాతిపెట్టుటకు ఇస్సాకు ప్రక్కన ఇష్మాయేలు కూడ నిలిచెను.