బాలల తోటను గూర్చి ఒక జాబు



బడిపెరటిలో పంచేంద్రియములకును విందుచేయు తోట నొకదానిని పిల్లలకై వేయ సంకల్పించి నీవు పంపిన పటము ముచ్చటగానే యున్నది. కాని అందు వరుసలు తీర్చిన బంతి, కనకాంబర, మందారము లన్నియు నిలుచుండి చూచు పెద్దల కన్నులకే గాని పిల్లల చేతులకు పని కల్పించునవి కావు. చూపులేని బిడ్డకు ఈ తోటలో ఏమి దొరకునని మొదట విచారింపుము. 1939లో అడయారునకు వచ్చి మన ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చిన మరియా మాంటిసోరి, బాలల కన్నులకు గంతలు కట్టి నునుపు గరుకులను వ్రేళ్లతోనే గుర్తింపజేయుచుండెను. చూపు ముందుగా పరుగెత్తినచో తక్కిన ఇంద్రియములు సోమరులగును గదా!

కావున తాకినగాని వాసన నీయని మొక్కలను ఏరుకొనుము. నూగుతో మెత్తనైన వామాకు, మరువము, దవనము, తులసి బాటవెంట నుండవలెను. నిమ్మగడ్డి యంచు లేతవ్రేళ్లను కోయును గనుక కొంత లోపలికి నాటుము. ఇవన్నియు నొకేమడిలో కుక్కిన నాసిక దేనినీ పోల్చుకొనజాలదు. నడుమ నడుమ వట్టి గరిక యుండనిమ్ము. మల్లెలు విచ్చువేళకు బడి మూసియుండును. నీ పటములో వానికిచ్చిన చోటు కాపలావాని భాగ్యము! అత్తిపత్తిని మాత్రము మరువకుము. స్పర్శ సోకినంతనే ఆకుమొదటి ఉబ్బులోని కణములనుండి నీరు తొలగి రెక్కలు ముడుచుకొనును. అవి మరల విచ్చుకొనుటకు పట్టు కొన్ని నిమిషములు కదలక కూర్చుండుట, అల్లరి పిల్లవానికి ఏ పంతులును నేర్పలేని విద్య. చెవికొరకు వెదురుపొద యొకటి, దిరిసెన చెట్టొకటి చాలును. ఆకురాల్చిన దిరిసెనపై ఎండుకాయలు గాలికి గలగలలాడును.

మడులకు 2 అడుగుల యెత్తున ఇటుకగోడ కట్టి మట్టి నింపించినచో చక్రముల కుర్చీలో వచ్చు బిడ్డయు ఆకు నందుకొనగలడు. బాట వెడల్పు 4 అడుగులకు తగ్గరాదు. వాలు 12 అడుగులకు 1 అడుగును మించరాదు.

రుచి విషయమున కఠినుడవు కమ్ము. పులిచింత, కరివేపాకు వేరుమడిలో నుండవలెను. గన్నేరు, ఉమ్మెత్త, గురివింద ప్రహరీ లోపలికి రాకూడదు. గురివిందగింజ యందమే దాని యపాయము. నమలి మ్రింగినచో ప్రాణాంతకము.

తొలకరికి ముందే బాటలు పూర్తిచేయింపుము. వామాకు కొమ్మలు కావలసినచో వ్రాయుము, పంపెదను.