రెండు కంపెనీలు ఒకటియైనపుడు: పేరును గూర్చి, నెట్‌వర్కును గూర్చి

నేడు సెల్‌ఫోను లేని ఇల్లు అరుదు. సరిహద్దునకు ఆవలనున్న బంధువుల క్షేమసమాచారము మనకు చేరుటకును, పాఠశాల ప్రకటనలు తల్లిదండ్రులకు అందుటకును అదియే ఆధారమగుచున్నది. ఇట్లుండగా ఒకనాడు ఫోను తెరపైనుండు కంపెనీ పేరు మారును. వీధిలోని దుకాణమునకు క్రొత్త రంగు, క్రొత్త బోర్డు వచ్చును. “మన నెంబరు పోవునా? సిగ్నలు తగ్గునా? ఇక ఎక్కువ సొమ్ము చెల్లింపవలెనా?” అని ఇంటిలోని పెద్దలు ప్రశ్నింతురు. ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పవలెనన్న, రెండు కంపెనీలు కలియునపుడు ఏది ముందు కలియునో, ఏది తరువాత కలియునో మనము తెలిసికొనవలెను.

పేరు వేరు, నెట్‌వర్కు వేరు

సెల్‌ఫోను కంపెనీకి ముఖ్యమైన ఆస్తులు రెండు. మొదటిది పేరు. బోర్డు, రంగు, గుర్తు, ప్రకటనలు అన్నియు దీనిలోనివే. వ్యాపారులు దీనిని బ్రాండు అందురు. రెండవది నెట్‌వర్కు. టవర్లు, వానిపైని ఆంటెన్నాలు, టవర్లను కలుపు తీగలు, సంభాషణలను దారి మళ్ళించు యంత్రములు, వాడుకొనుటకు ప్రభుత్వము అనుమతించిన రేడియో తరంగముల భాగమైన స్పెక్ట్రము, ఇవన్నియు నెట్‌వర్కులో చేరును.

పేరు కంటికి కనబడును. దానిని ఒక్క దినములో మార్చవచ్చును. నెట్‌వర్కు కంటికి కనబడదు. దానిని కలుపుటకు నెలలు, ఏండ్లు పట్టును. మన పనులు జరుగుట మాత్రము నెట్‌వర్కు వలననే. ఈ భేదమును విద్యార్థులు మొదట గుర్తింపవలెను.

టవరును పంచుకొనుట ఎట్లు?

ప్రతి టవరును తన కంపెనీ సంకేత సంఖ్యను ఎడతెగక ప్రసారము చేయుచుండును. మన సిమ్ములో మన కంపెనీ సంఖ్య నమోదై యుండును. ఫోను ఆ సంఖ్యను వెదకి, సరిపోయిన టవరును ఆశ్రయించును. ప్రక్కనే వేరొక కంపెనీ టవరు ఎంత బలముగా సిగ్నలు ఇచ్చుచున్నను, అత్యవసరపు పిలుపులకు తప్ప, ఫోను దానిని వాడుకొనజాలదు.

రెండు కంపెనీలు సఖ్యపడినచో ఈ అడ్డు తొలగింపవచ్చును. పంచుకొనుటలో మూడు మెట్లు కలవు.

మొదటి మెట్టు, టవరును మాత్రము పంచుకొనుట. స్థలము, ఇనుప స్తంభము, విద్యుత్తు ఉమ్మడి. దానిపైని పరికరములు ఎవరివి వారివే. పోటీదారులు సైతము ఇట్లు చేయుదురు. మన దేశమున 2007లో భారతి, వొడాఫోన్, ఐడియా సంస్థలు కలిసి ఇండస్ టవర్స్ అను కంపెనీని ఇందుకొరకే నెలకొల్పెను.

రెండవ మెట్టు రోమింగు. ఒక కంపెనీ చందాదారుడు రెండవ కంపెనీ టవరు క్రిందికి వచ్చినపుడు, ఆ టవరు వెనుకనున్న యంత్రములు “ఈతడు మీవాడేనా?” అని మొదటి కంపెనీ పట్టికను విచారించును. అవునని ప్రత్యుత్తరము రాగానే చోటిచ్చును. ఇదంతయు క్షణములలో జరుగును.

మూడవ మెట్టు, రెండు నెట్‌వర్కులను ఒకటిగా చేయుట. ఒకేచోట రెండేసి టవర్లున్నచో ఒకదానిని తొలగించి, స్పెక్ట్రమును కలిపి, ఒకే యంత్రాంగముతో నడుపుదురు.

ఇచట ఒక లెక్క గమనింపవలెను. ఒక గ్రామమున రెండు కంపెనీలకును టవర్లున్నవి; పొరుగు గ్రామమున రెండింటికిని లేవనుకొందము. కలయిక వలన మొదటి గ్రామమున ఒక టవరు తగ్గవచ్చును. రెండవ గ్రామమునకు వెంటనే ఒనగూడునది ఏమియు లేదు. సున్నకు సున్న కలిపిన సున్నయే గదా! ఒకరికి ఉండి మరియొకరికి లేని చోటనే చందాదారులకు నిజమైన మేలు కలుగును.

బ్రిటనులో జరిగిన కలయిక

బ్రిటనులో ఆరెంజ్ అను కంపెనీ 1994లో సేవ ప్రారంభించినది. 1993లో వన్-టు-వన్ అను పేర పుట్టిన వేరొక కంపెనీ 2002లో టి-మొబైల్ అను పేరు దాల్చినది. మొదటిదానికి ఫ్రాన్స్ టెలికాం, రెండవదానికి డాయిష్ టెలికామ్ యజమానులు. 2009 సెప్టెంబరు 8వ తేదీన ఆ యజమానులు బ్రిటనులోని తమ వ్యాపారములను సమాన భాగములతో కలుపుదుమని ప్రకటించిరి. అప్పటికి రెండింటి చందాదారులు కలిసి సుమారు 2 కోట్ల 80 లక్షలు. మూడవ, నాలుగవ స్థానములలోనున్న రెండు కంపెనీలు కలిసి మొదటి స్థానమునకు వచ్చుచున్నవి.

ఇంత పెద్ద కంపెనీ ఏర్పడిన పోటీ సన్నగిల్లును. అందుచేత యూరోపియన్ కమిషన్ 2010 మార్చి 1న కలయికకు అనుమతించుచు, 1800 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రములో కొంత వదలుకొనవలెనని షరతు విధించినది. ఆ భాగము 2012లో త్రీ అను పోటీ కంపెనీకి విక్రయింపబడినది. 2010 ఏప్రిల్ 1న కలయిక పూర్తియైనది. తరువాతి నెలలో ఉమ్మడి కంపెనీకి ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ అని నామకరణము చేసిరి. కాని దుకాణములపై ఆరెంజ్, టి-మొబైల్ పేర్లు అట్లే నిలిచినవి.

2010 అక్టోబరు 5 నుండి రోమింగు మొదలైనది. కోరి నమోదు చేసికొన్న చందాదారునకు తన సిగ్నలు పోయినచోట రెండవ కంపెనీ సిగ్నలు, అదనపు రుసుము లేకయే, లభించెను. చందాదారులకు కలయిక ఫలము తొలుత అందినది ఇట్లే. అప్పటికి బోర్డులు మారలేదు.

2012 అక్టోబరు 30న 11 నగరములలో నాల్గవ తరపు సేవ ప్రారంభించుచు, ఆ కంపెనీ ఈఈ అను క్రొత్త పేరును దుకాణములకెక్కించినది. పాత పేర్లతో క్రొత్త చందాదారులను చేర్చుకొనుట 2015లో ఆగిపోయినది. 2016 జనవరిలో బీటీ సంస్థ ఈఈని కొనుగోలు చేసినది.

వ్యాకరణముతో పోలిక

తెలుగు పాఠము చదివిన విద్యార్థులకు ఇది సులభముగా బోధపడును. వ్యాకరణవేత్తలు ఆగమమును మిత్రునితోను, ఆదేశమును శత్రువుతోను పోల్చుదురు. “మా” “అమ్మ” అను పదములు కలిసి “మాయమ్మ” అగునపుడు యకారము నడుమ వచ్చి చేరినది, ఎవరిని తరుమలేదు. “వాడు కొట్టె” అనునది “వాడుగొట్టె” అగునపుడు గకారము కకారమును తొలగించి దాని స్థానమున కూర్చున్నది. 2010లో వచ్చిన ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆగమము వంటిది. పాత పేర్లు రెండును నిలిచినవి. 2012లో వచ్చిన ఈఈ ఆదేశము వంటిది. కాలక్రమమున రెండింటిని తొలగించినది.

మన దేశములో జరిగిన కలయిక

కర్ణాటకలోని మన పాఠకులలో కొందరికి స్పైస్ అను పేరు జ్ఞాపకముండును. ఆ కంపెనీని 2008లో ఐడియా తీసికొన్నది. అట్లే హచ్ అను పేరు 2007లో వొడాఫోన్‌గా మారినది. 2016 సెప్టెంబరులో జియో రంగప్రవేశము చేయగా ధరలు పడిపోయి పోటీ తీవ్రమైనది. 2017 మార్చి 20న వొడాఫోన్, ఐడియా కలియుదుమని ప్రకటించి, 2018 ఆగస్టు 31న ఒకటియైనవి. నాడు రెండింటి చందాదారులు 40 కోట్లకు మించిరి.

కంపెనీ పేరు వొడాఫోన్ ఐడియా. ఇది ద్వంద్వ సమాసము వంటిది. ఉభయ పదములకును ప్రాధాన్యము కలదు. దుకాణములపై మాత్రము రెండేండ్లు రెండు పేర్లును వేర్వేరుగా నిలిచినవి. ఆ కాలమున సర్కిలు తరువాత సర్కిలుగా నెట్‌వర్కులను కలుపు పని సాగినది. అటుపిమ్మట 2020 సెప్టెంబరు 7న రెండు పేర్ల మొదటి ఆంగ్లాక్షరములను కూర్చి “వీ” అను పేరు పెట్టిరి. ఆంగ్లమున “మనము” అను అర్థమిచ్చు మాట వలెనే దానిని ఉచ్చరింతురు. 2008లో స్పైస్ సిమ్ము వాడిన కర్ణాటక వాసి ఒకడు అదే నెంబరుతో మూడు పేర్ల క్రింద జీవించి యుండవచ్చును.

చందాదారుడు చేయవలసినది

కంపెనీ పేరు మారుట వలన నెంబరు పోదు. సేవ నచ్చనియెడల నెంబరుతోనే వేరొక కంపెనీకి పోవు హక్కు మనకు 2011 జనవరి 20 నుండి దేశమంతట కలదు. 2015 జూలై 3 నుండి సర్కిలు దాటినను నెంబరు నిలుపుకొనవచ్చును. కర్ణాటక నుండి ఆంధ్రమునకో, ఆంధ్రము నుండి తమిళనాడునకో మారు మనవంటి కుటుంబములకు ఇది మిక్కిలి ఉపకారి. 1900 అను సంఖ్యకు “పోర్ట్” అను ఆంగ్లపదమును, తరువాత తన నెంబరును సందేశముగా పంపుటతో ఆ పని మొదలగును.

మారుటకు ముందు రెండు విషయములు విచారింపుడు. మన ఇంటిలో, పొలములో, బడిదారిలో ఏ కంపెనీ సిగ్నలు నిలుచునో ఇరుగుపొరుగు ఫోన్లతో స్వయముగా చూడవలెను. పాత పథకపు గడువు, ధర మారుచున్నవేమో దుకాణమున అడుగవలెను. బోర్డు రంగును చూచి సంతోషించుట గాని, దుఃఖించుట గాని తగదు.

భాషాల్పసంఖ్యాకులమైన మనకు ఈ పాఠము ఫోనుతోనే ముగియదు. తరగతులను కలుపుదుమని, బడులను కలుపుదుమని ఎవరైన చెప్పినపుడు మనము మొట్టమొదట బోర్డుపైని పేరును గూర్చి కలత చెందుదుము. పేరును కోరుట న్యాయమే. కాని తెలుగు చెప్పు ఉపాధ్యాయుడు ఉన్నాడా, పుస్తకములు వేళకు వచ్చుచున్నవా, పిల్లలు చేరుచున్నారా అనునవి కూడ అడుగవలెను. టవరు లేని కంపెనీకి పేరెంత గొప్పదైనను మాట వినబడదు. పిల్లలను చేర్పింపక బోర్డును మాత్రము కాపాడిన, తెలుగు మాధ్యమము గతియు అంతియే. బోర్డును కాపాడుకొందము, దాని వెనుక పాఠము సాగునట్లును చూచుకొందము.

అభ్యాసము

1. బ్రాండునకు, నెట్‌వర్కునకు గల భేదమును సోదాహరణముగా వ్రాయుడు.
2. టవరును పంచుకొనుటకును, రోమింగునకును తారతమ్యమేమి?
3. యూరోపియన్ కమిషన్ షరతు విధించుటకు కారణమేమి?
4. మీ వీధిలో ఏయే కంపెనీల సిగ్నలు ఏయే చోట్ల నిలుచుచున్నదో చూచి పట్టిక వ్రాసి, ఇంటిలోని పెద్దలకు చదివి వినిపింపుడు.