జంట న్యూట్రాన్ నక్షత్రాలు: పలు వెలుగుల సాక్ష్యం

సూర్యుని కంటె బరువైన పదార్థం ఆదోని, ఎమ్మిగనూరుల నడుమ దూరంలో ఇమిడిపోవునంత చిన్న గోళమైనచో, అది న్యూట్రాన్ నక్షత్రం. అట్టివి రెండు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుచు, గురుత్వ తరంగాల రూపమున శక్తిని కోల్పోయి, తుదకు ఢీకొనును. అట్టి జంటను హల్స్, టేలర్ అనువారు 1974లో రేడియో తరంగాల ద్వారా తొలిసారి కనుగొనిరి. ఢీకొను క్షణమును పట్టుటకు మాత్రం 2017 ఆగస్టు 17 వరకు వేచియుండవలసి వచ్చినది.

ఆనాడు మన గడియారమున సాయంత్రం 6 గంటల 11 నిమిషాలకు, అమెరికాలోని లైగో యంత్రాలు సుమారు 100 సెకన్ల గురుత్వ తరంగాలను నమోదు చేసి ముగించినవి. మరి 1.7 సెకన్లకు ఫెర్మి ఉపగ్రహమునకు గామా కిరణాల మెరుపు తగిలినది. ఇటలీలోని విర్గో యంత్రమున సంకేతం మిక్కిలి బలహీనం. కాని ఆ బలహీనతయే దారి చూపినది. విర్గోకు సరిగా అందని దిక్కులు కొన్ని కలవు. మూలం అట్టి దిక్కుననే ఉండవలెనని శాస్త్రజ్ఞులు గ్రహించిరి.

ఆ సమయమున ఆ చోటు మన ఆదోనికి నైరుతి ఆకాశముననే ఉన్నది. అయితే ఇంకను పొద్దు క్రుంకలేదు. 2015లో శ్రీహరికోట నుండి ఎగిరిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహమునకు భూమియే అడ్డుపడినది. పాపం, దాని తప్పేమున్నది!

సుమారు 11 గంటల తరువాత చిలీలోని స్వోప్ దూరదర్శిని, 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరమున ఎన్.జి.సి. 4993 అను గెలాక్సీలో క్రొత్త వెలుగును చూచినది. మొదట నీలముగా నున్న ఆ వెలుగు కొద్ది దినములలో ఎర్రబారి పరారుణమునకు జారినది. ఢీకొన్నప్పుడు పుట్టిన భార మూలకాలు నీలి కాంతిని మ్రింగివేయుటయే ఇందుకు కారణం. బంగారం పుట్టినదని పత్రికలు ఉత్సాహముగా వ్రాసినవి. వర్ణపటమున గుర్తింపబడినట్లు 2019లో ప్రకటింపబడినది మాత్రం స్ట్రాంషియం.

ఎక్స్ కిరణాలు తొమ్మిదవ నాటికి గాని, రేడియో తరంగాలు పదునారవ నాటికి గాని కనబడలేదు. ఈ ఆలస్యమునకు అర్థం కలదు. వెలువడిన సన్నని ధార మనవైపు సూటిగా లేదు; వేగం తగ్గినకొలది దాని వెలుగు విప్పారి మన చూపునకు అందినది. కనుకనే ఆ రేడియో కాంతి తగ్గుటకు బదులు సుమారు ఐదు నెలలు పెరుగుచు పోయినది. పుణె సమీపమున 45 మీటర్ల పళ్ళెములు 30 గల మన జి.ఎం.ఆర్.టి. కూడ దానిని గమనించిన వానిలో ఒకటి.