పదిహేడో నంబరు పానా ఏదీ?

తెల్లవారుజామున బెండ తోటకు నీరు పెడదామని ఆయిల్ ఇంజను తిప్పారు. అందుకోలేదు. డీజిలు పైపులో గాలి పట్టిందని మీకు తెలుసు. పైపు నట్టు కాస్త వదులు చేసి, గాలి బుడగలు పోయి డీజిలు ధారగా వచ్చేదాకా పంపు మీట కొట్టి మళ్లీ బిగిస్తే అయిపోతుంది. పావుగంట పని. కానీ ఆ నట్టుకు పట్టే పానా కనబడదు. గోనెసంచుల కింద చూశారు, గట్టు మీద చూశారు. పక్క చేను రైతును అడిగితే "మొన్న నీకే ఇచ్చేశాను కదా" అన్నాడు. తొమ్మిదయ్యేసరికి ఎండ ఎక్కింది. మెకానిక్కు కబురు పెడితే మధ్యాహ్నం వచ్చాడు, తన సంచిలోంచి పదిహేడో నంబరు పానా తీశాడు, పావుగంటలో పని ముగించి మజూరీ తీసుకుని వెళ్లాడు.

ఆ రోజు మీ ఇంజను చెడిపోలేదు. పోయింది పానా ఒక్కటే. అరెకరం, ఎకరం తోట ఉన్న రైతుకు రెండో ఇంజను ఉండదు. పూత మీదున్న చేనుకు ఒక తడి తప్పితే ఆ నష్టం ముందు పానా ఖరీదు ఏ మూలకు? అందుకే ఈ వారం విత్తనాల గురించి, ఎరువుల గురించి కాకుండా, మన మోటారు షెడ్డులో ఉండే సామాను గురించి చెప్పుకుందాం. కార్లున్నవాళ్లకు ఇంటి పక్కన గరాజు గోడ ఉంటుంది. మనకు ఉన్నది రేకుల షెడ్డు. కొందరికి అదీ లేదు, చింతచెట్టు కిందే ఇంజను. అయినా పద్ధతి ఒక్కటే: ప్రతి పనిముట్టుకూ ఒక చోటు ఉండాలి, ఆ చోటు ఖాళీగా ఉంటే చూడగానే తెలిసిపోవాలి.

ఈ పద్ధతి నేర్చుకోవడానికి మనం ఎక్కడికో పోనక్కరలేదు. విశాఖపట్నం అంటేనే పానాల ఊరు. 1933లో ఓడరేవు తెరుచుకుంది. 1941లో సింధియా కంపెనీ ఓడల కర్మాగారం మొదలుపెట్టింది, అక్కడ తయారైన జల ఉష అనే ఓడను 1948లో నెహ్రూ నీట దించారు. ఉక్కు కర్మాగారానికి 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేస్తే, 1992లో పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. ఆనందపురం, పద్మనాభం, సబ్బవరం, పరవాడ వైపు పల్లెల్లో ఇంటికొకరు కాకపోయినా వీధికొకరు ఈ పనుల్లో ఫిట్టరుగానో, ఖలాసీగానో చేసినవారు ఉంటారు. అలాంటి పెద్దాయన్ని అడిగి చూడండి. పెద్ద కర్మాగారాల్లో పానా కావాలంటే కార్మికుడు తన నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ల స్టోర్సులో ఇచ్చి పానా తీసుకునేవాడు. బిళ్ల ఆ పానా ఉండే మేకుకు వేలాడేది. సాయంత్రం పానా తిరిగి ఇస్తేనే బిళ్ల చేతికొచ్చేది. గోడ వంక ఒక్క చూపు చూస్తే ఎవరి దగ్గర ఏముందో తెలిసిపోయేది. విమానాల దగ్గర పనిచేసేవాళ్లయితే పనికి ముందు, పని అయ్యాక సామాను లెక్క పెట్టుకుంటారు. ఒక్క స్క్రూ డ్రైవరు లోపల ఉండిపోయినా ప్రాణాల మీదికి వస్తుంది మరి.

మనకు ఎన్ని పానాలు కావాలి?

ముందు ఒక మాట. రోడ్డు పక్కన తళతళలాడే పెట్టెల్లో నలభై ముక్కల సాకెట్ల సెట్టు అమ్ముతుంటారు. ఆశ పడకండి. అందులో సగం నంబర్లు మీ జన్మలో వాడరు. చవకరకం సాకెట్టు గట్టి నట్టు మీద పడగానే చీలిపోతుంది, చీలినప్పుడు మీ వేళ్ల కణుపులు ఇంజనుకు కొట్టుకుంటాయి. ఆ డబ్బుతో మంచి ఉక్కువి ఏడెనిమిది విడి పానాలు కొనుక్కోవడం మేలు.

పానా మీద ఉండే నంబరు నట్టు రెండు ఎదురు బొదుపుల మధ్య వెడల్పు, మిల్లీమీటర్లలో. బోల్టు లావు కాదు. 8 మిల్లీమీటర్ల బోల్టుకు 13వ నంబరు పడుతుంది. 10 మిల్లీమీటర్ల బోల్టుకు పాత వాటిలో 17, కొత్త వాటిలో 16. 12 మిల్లీమీటర్ల బోల్టుకు 19 లేదా 18. దుకాణాల్లో రెండు నోళ్ల పానాలు 10-11, 12-13, 14-15, 16-17, 18-19, 24-27 ఇలా జతలుగా దొరుకుతాయి. ఈ ఆరూ ఉంటే ఇంజను, పంపు, స్ప్రేయరు, నాగలి బోల్టులు చాలావరకు కలిసిపోతాయి. డీజిలు పైపుల నట్లు చాలా ఇంజన్లకు 17 లేదా 19. ఆ రెండు నంబర్లలో రింగు పానా కూడా ఒక్కొక్కటి ఉంచుకోండి. నోటి పానా నట్టును రెండు వైపులే పట్టుకుంటుంది, రింగు చుట్టూ పట్టుకుంటుంది.

సాకెట్లు అసలు వద్దని కాదు. లోతులో ఉన్న నట్లకు అవే కావాలి. కానీ విడిగా మూడో నాలుగో, మీ ఇంజనుకు సరిపోయే నంబర్లే కొని, ఒక పిడి తీసుకోండి. లోపల ఆరు మూలలున్నవి అడగండి. పన్నెండు మూలలవి త్వరగా తగులుకుంటాయి గాని, మూలలు అరిగిన నట్టు మీద జారిపోతాయి. ఇంకా చవకగా కావాలంటే గొట్టం పానా ఉంది.

పాత ఇంజను ఉన్నవాళ్లు ఇంకొక జాగ్రత్త పడాలి. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చినా, అంగుళాల బోల్టులున్న ఇంజన్లు ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు నడిచాయి, ఇప్పటికీ కొన్ని నడుస్తున్నాయి. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. అంత వెడల్పున్న నట్టుకు 13వ నంబరు పానా పట్టినట్టే ఉంటుంది, కానీ కొంచెం వదులు. నాలుగుసార్లు తిప్పేసరికి నట్టు మూలలు గుండ్రంగా అయిపోతాయి, ఆపైన ఉలి పెట్టి కొట్టాల్సిందే. విట్‌వర్త్ అనే పాత రకం పానాల మీద 3/8 అని రాసి ఉంటే అది బోల్టు లావు, దాని నట్టు వెడల్పు సుమారు 18 మిల్లీమీటర్లు. తాతలనాటి పానాలు ఇంట్లో ఉంటే పారేయకండి, వాటికి ఎర్ర పెయింటు చుక్క పెట్టి వేరే ఉంచండి. మిల్లీమీటరు పానాలతో కలిపితే గందరగోళం.

వీటితో పాటు మోస్తరు సుత్తి, ఒక ప్లేయరు, స్క్రూ డ్రైవర్లు రెండు, పైపు రెంచి, రంపం బద్ద, టెస్టరు ఉంటే చాలు. స్క్రూ పానా ఒకటి ఉండవచ్చు గాని, అన్నిటికీ అదే వాడటం మనవాళ్ల అలవాటు. నట్లు పాడయ్యేది ఎక్కువగా దానివల్లే. వాడక తప్పనప్పుడు బరువు కదలని దవడ మీద పడేలా పట్టుకుని, మీ వైపుకు లాగండి.

గోడ ఉంటే పలక, లేకుంటే పొది

షెడ్డుకు తలుపు, తాళం ఉన్నవాళ్లు పాత తలుపు చెక్కో, ప్లైవుడ్ ముక్కో తీసుకోండి. మూడడుగులు రెండడుగులు చాలు. పానాలన్నీ నేల మీద పరిచి, చిన్నది ఎడమ నుంచి పెద్దది కుడికి వరస పెట్టండి. ఒక్కొక్కదాన్ని చెక్క మీద పెట్టి పెన్సిలుతో చుట్టూ గీత గీయండి. గీత లోపల మిగిలిపోయిన పెయింటు ఏదైనా పూయండి, నలుపైతే బాగా కనబడుతుంది. పక్కన నంబరు వేయండి. మేకు కొట్టి పానా వేలాడదీయండి. ఇక పానా లేని చోట దాని నీడ మిగులుతుంది. చదువు రాని కూలీ అయినా ఏది ఎక్కడ పెట్టాలో అడగనక్కరలేదు. మేకు పట్టని సామానుకు పాత సైకిలు ట్యూబు అంగుళం వెడల్పున కోసి ఉచ్చులుగా బిగిస్తే సరిపోతుంది. స్క్రూ డ్రైవర్లకు పీవీసీ పైపు ముక్కలు.

సాకెట్లకు చెక్క అక్కరలేదు. రెండు చివర్లా కంత ఉంటుంది కాబట్టి జీఐ తీగకు వరసగా గుచ్చి, చివర కొక్కెంలా వంచండి. ఆనందపురం పూల రైతులకు దండ గుచ్చడం నేర్పాలా? ఒకటి తక్కువైతే దండలో సందు కనబడుతుంది. తీగకు చీటీ కట్టి అందులో ఉన్న నంబర్లు రాస్తే ఇంకా మంచిది.

షెడ్డు లేనివాళ్ల సంగతి వేరు. సామాను ఇంట్లో పెట్టుకుని రోజూ చేనుకు మోసుకుపోవాలి. గంపలో పడేసుకుపోతే ఏదో ఒకటి దారిలోనో గట్టు మీదో రాలిపోతుంది. పాతకాలంలో క్షురకుల దగ్గర పొది ఉండేది చూశారా? కత్తికి ఒక అర, కత్తెరకు ఒక అర, చుట్టి కడితే చంకలో ఇమిడిపోయేది. పాత జీన్సు ప్యాంటో, టార్పాలిన్ ముక్కో ఇస్తే మీ ఊరి టైలరే అలాంటిది కుట్టేస్తాడు. ఒక్కొక్క అర మీద నంబరు రాయించండి. పని అయ్యాక పొది చుట్టే ముందు ఖాళీ అర ఉందేమో చూసుకుంటే, ఆ పానా ఇంకా గడ్డిలో పది అడుగుల దూరంలోనే ఉంటుంది. మర్నాడు వెతికితే ఉండదు.

నేను కూడా ఈ పాఠం ఊరికే నేర్చుకోలేదు. ఒకసారి పంపు బిగించి, 19వ నంబరు పానా ఇంజను చక్రం పక్కనే మరచి తిప్పేశాను. అది ఎగిరి గోడకు తగిలి పెచ్చు లేచింది. మా మెకానిక్కు వచ్చి చూసి, "ఏటి బాబూ, గోడ కాబట్టి సరిపోయింది, మనిషైతే ఏటి సేద్దుము?" అన్నాడు. ఆ రోజు నుంచి లెక్క పెట్టకుండా ఇంజను తిప్పడం లేదు.

ఇరుగుపొరుగుకు పానా ఇవ్వకుండా ఉండలేం, ఉండకూడదు కూడా. ఇత్తడి బిళ్లకు బదులు చిన్న చెక్కముక్క మీద తీసుకెళ్లినవారి పేరు రాసి ఆ మేకుకు తగిలించండి. మొహమాటం అక్కరలేదు. అడగలేక పోగొట్టుకోవడం కంటే ఇది మర్యాదైన పని. మీ పానాలకు ఒక రంగు గీత పెట్టుకుంటే ఎవరిది ఏదన్న తగువూ ఉండదు.

తుప్పు అనే రెండో దొంగ

సముద్రం పక్క ఊళ్లలో పానా పోకపోయినా తుప్పు తినేస్తుంది. గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుముకు తుప్పు వేగం పెరుగుతుంది. ఉప్పు రేణువులు అంటితే అంతకంటే తక్కువ తేమకే మొదలవుతుంది, ఎందుకంటే ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది. భీమిలి, పరవాడ తీరంలో ఉన్నవారికి ఇది చెప్పనక్కరలేదు, కిటికీ చువ్వలే సాక్ష్యం.

కానీ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. మోటారు షెడ్డులోనే ఎరువుల బస్తాలు పెడతాం. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అంటే అదీ ఒక క్లోరైడు ఉప్పే. యూరియా తేమ లాగి చెమర్చుతుంది. బ్యాటరీ ఛార్జింగు పెడితే ఆమ్లపు ఆవిరి. బ్లీచింగు పౌడరు డబ్బా మూత వదులుగా ఉంటే పక్కనున్న ఇనుమంతా పాడు. సముద్రానికి ఇరవై మైళ్ల లోపల ఉన్న షెడ్డులో కూడా తుప్పు పట్టడానికి కారణం ఇదే. బస్తాలు ఒక మూల, పానాలు ఎదురు మూల ఉంచండి. చోటు లేకపోతే పానాలనే ఇంటికి తెచ్చుకోండి.

వాడిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడిచి, కొత్త ఇంజను ఆయిలు రెండు చుక్కలు గుడ్డకు రాసి పానాను ఒకసారి అద్దండి, పల్చటి పొర చాలు. మడ్డాయిలు వద్దు. అందులో ఆమ్లాలు ఉంటాయి, చేతి చర్మానికి రోజూ అంటడం మంచిది కాదు. పార, గునపం, కొడవలి వంటివాటికి ఒక బక్కెట్టులో ఏటి ఇసుక పోసి కాస్త ఆయిలు కలిపి ఉంచుకోండి. పని నుంచి రాగానే మట్టి కడిగి, ఆరనిచ్చి, నాలుగుసార్లు ఇసుకలో పొడిస్తే సరి. సముద్రపు ఇసుక మాత్రం పనికిరాదు.

ఇప్పటికే తుప్పెక్కిన పానాలుంటే చింతపండు పులుసులో ఒక రాత్రి నానబెట్టండి. పొద్దున్నే కొబ్బరిపీచుతో రుద్ది కడిగి, వంటసోడా కలిపిన నీటిలో ముంచి తీసి, ఎండలో బాగా ఆరాక ఆయిలు రాయండి. పులుసులో ఒక రాత్రికి మించి ఉంచవద్దు, అది మంచి ఇనుమును కూడా తింటుంది.

తుఫాను రోజులకు ముందు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. స్తంభాలు, తీగలు నేలకూలి నగరంలోనే రోజుల తరబడి కరెంటు లేదు, పల్లెల సంగతి చెప్పేదేముంది. కరెంటు మోటార్లు ఉన్నా లేనట్టే. అలాంటప్పుడు చేలో నిలిచిన నీరు తోడాలన్నా, తాగునీరు కావాలన్నా మూలనపడ్డ ఆయిల్ ఇంజనే దిక్కు. దాన్ని లేపేది పానాలు. ఆ రోజుల్లో దుకాణాలు తెరిచి ఉంటాయని, మెకానిక్కు వస్తాడని అనుకోలేం.

కాబట్టి ఏటా సెప్టెంబరు ఆఖరు వారంలో ఒక పూట దీనికి కేటాయించండి. పలక మీద నీడలన్నీ నిండి ఉన్నాయా చూడండి. పేరు బిళ్ల వేలాడుతున్న చోటు ఉంటే ఆ ఇంటికి వెళ్లి తెచ్చుకోండి. ఇంజను పది నిమిషాలు తిప్పి ఆపండి. గాలి తీసే రెండు పానాలు, ఒక స్క్రూ డ్రైవరు, ప్లేయరు, టార్చిలైటు ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టి ఇంట్లో అటక మీద పెట్టండి. షెడ్డు రేకులు ఎగిరిపోయినా ఆ సంచి మిగులుతుంది.

పలక ఈ వారమే చేసుకోవాలనుకుంటే పెయింటు ముందురోజు సాయంత్రం వేయండి. తడి పెయింటు మీద పానా తగిలిస్తే అంటుకుపోతుంది. ఆరేదాకా పానాలు వరస చెడకుండా గోనెపట్టా మీద పరిచి ఉంచండి.