పట్టణ అంచుల వన్యప్రాణులపై అధ్యయనం: యువ పరిశోధకులకు నిధుల ఆవశ్యకత

తిరుపతి నగరం ముగిసేచోటనే అడవి మొదలవుతుంది. అలిపిరి నుండి తిరుమలకు సుమారు 3,550 మెట్లతో సాగే నడకదారి శేషాచలం అడవుల గుండా పోతుంది. ఈ కొండలలో 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ వనం ఏర్పడింది. 2010లో శేషాచలం బయోస్ఫియర్ రిజర్వుగా గుర్తింపు పొందింది. నగరమూ అడవీ ఇంత దగ్గరగా ఉన్నచోట వన్యప్రాణుల అధ్యయనం ప్రజల భద్రతకు సంబంధించిన విషయం.

సమస్య స్వరూపం

2023 జూన్‌లో ఈ దారిలో చిరుతపులి దాడికి గురైన ఒక బాలుడు ప్రాణాలతో బయటపడ్డాడు. ఆగస్టులో ఆరేళ్ల బాలిక మరణించింది. అనంతరం అటవీశాఖ బోనులు అమర్చి పలు చిరుతలను పట్టుకుంది. మధ్యాహ్నం దాటాక పిల్లల రాకపై ఆంక్షలు వచ్చాయి. భక్తులకు చేతికర్రలు ఇచ్చారు. ఇవన్నీ అత్యవసర చర్యలు. అయితే ఎన్ని చిరుతలు ఈ దారిని దాటుతున్నాయి? ఏ వేళల్లో? వాటి ఆహారంలో దుప్పుల వాటా ఎంత, వీధికుక్కల వాటా ఎంత? ఒక చిరుతను తొలగిస్తే ఆ స్థలంలోకి మరొకటి వస్తుందా? ప్రమాదం జరిగిన తరువాత ఈ సమాచారాన్ని హడావుడిగా సమకూర్చుకోవడం సాధ్యం కాదు. అది ముందే సిద్ధంగా ఉండాలి.

ఇతర ప్రాంతాల అనుభవం

మహారాష్ట్రలో చెరకు విస్తారంగా పండే జున్నర్ ప్రాంతంలో పట్టుకున్న చిరుతలను దూరపు అడవులలో విడిచిపెట్టారు. విద్యా ఆత్రేయ, సహ పరిశోధకులు 2011లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, ఈ తరలింపునకు ముందు మనుషులపై ఏటా సగటున 4 దాడులు జరుగగా, తరువాత అవి 17కు పెరిగాయి. మేలు చేస్తుందని భావించిన చర్య కీడు చేసిందని తెలియడానికి ముందటి సంవత్సరాల లెక్కలే ఆధారమయ్యాయి. ముంబయిలోని సంజయ్ గాంధీ జాతీయ వనం పరిసరాలలో 35 చిరుతలు ఉన్నాయనీ, వాటి ఆహారంలో కుక్కల వాటా గణనీయమనీ 2015లో వెల్లడించినది ఒక ఎం.ఎస్సీ. విద్యార్థి పరిశోధన వ్యాసం. చెత్త నిర్వహణకూ చిరుతల సంచారానికీ గల సంబంధాన్ని పరిశీలించడానికి ఇటువంటి అధ్యయనం దారి చూపుతుంది.

నిధుల తీరు, లోపాలు

ఒక్క పంటకాలపు దిగుబడిని చూసి ఏ వంగడాన్నీ రైతులకు సిఫారసు చేయరు. వన్యప్రాణుల విషయంలోనూ అదే నియమం వర్తిస్తుంది. వేసవి నీటి ఎద్దడి, ఈశాన్య రుతుపవనాల వర్షాలు, బ్రహ్మోత్సవాల రద్దీ ఒక్కొక్కటి జంతువుల కదలికను ఒక్కొక్క విధంగా మార్చవచ్చు. కనీసం రెండు పూర్తి సంవత్సరాల పరిశీలన లేనిదే కాలప్రభావాన్ని వేరుచేయలేము. జాతీయ పోస్ట్ డాక్టరల్ ఫెలోషిప్ గడువు 2 సంవత్సరాలు మాత్రమే. రక్షిత అటవీ ప్రాంతంలో అధ్యయనానికి ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి పొందేలోగా అందులో కొంతకాలం గడచిపోతుంది. అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థ ప్రారంభ దశ గ్రాంటుకు క్రమబద్ధమైన ఉద్యోగం ఉండాలి. డాక్టరేటు చేస్తున్నవారికి అది అందదు. రాత్రివేళ కెమెరాలను కనిపెట్టుకొని ఉండే శ్రమలో అధికభాగం వారిదే.

సూచనలు

1. గ్రాంటు కాలాన్ని అటవీ అనుమతి లభించిన తేదీ నుండి లెక్కించాలి.
2. డాక్టరేటు విద్యార్థులకు కెమెరాలు, ప్రయాణం, క్షేత్ర సహాయకుల వేతనం కోసం చిన్న గ్రాంటులు ప్రత్యేకించాలి.
3. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, పశువైద్య విశ్వవిద్యాలయం, వ్యవసాయ కళాశాల, ఐసర్ తిరుపతిలోనే ఉన్నాయి. చిరుతల గణన, వీధికుక్కల వ్యాధులు, అడవి అంచు పొలాలలో అడవిపందుల నష్టం ఈ సంస్థల మధ్య ఉమ్మడి అధ్యయనాంశాలు కావాలి.
4. సేకరించిన సమాచారం పరిశోధకుడు వెళ్లిపోయినా మిగిలేటట్లు ఉమ్మడి భాండాగారంలో భద్రపరచాలి. కెమెరాల స్థానాలను తరువాత వచ్చేవారు మార్చకుండా కొనసాగించాలి.
5. ప్రతి ఆరు నెలలకు ఫలితాలను అటవీశాఖకు, దేవస్థానానికి తెలుగులో నివేదించాలి.

కంచెలు, బోనులు, ఆంక్షలు ఫలిస్తున్నాయో లేదో చెప్పగలిగేది క్రమం తప్పని లెక్క ఒక్కటే. ఆ లెక్కను ఏళ్ల తరబడి రాయగల యువతీయువకులు తిరుపతి విద్యాసంస్థలలోనే ఉన్నారు. వారికి సకాలంలో నిధులు అందించడం అలిపిరి మెట్లెక్కే పిల్లల భద్రతలో భాగమే.