సందేహాలు - సమాధానాలు: పెరట్లో పీచ్, మామిడి

ప్రశ్న: హిమాచల్ నుంచి మా అబ్బాయి తెచ్చిన పీచ్ మొక్కను కుండీలో పెట్టాం. సంక్రాంతికి ఆకులన్నీ రాలిపోయాయి. చచ్చిపోయినట్టేనా?
– ఒక గృహిణి, బొబ్బిలి

సమాధానం: దిగులు పడకండమ్మా, చలికాలంలో ఆకు రాల్చడం పీచ్‌కి సహజమే. కొమ్మను గోటితో కాస్త గీరి చూడండి. బెరడు కింద పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. కొత్త చిగురు వచ్చేదాకా నీళ్లు తగ్గించండి, తడి నిలిస్తే వేరు కుళ్లుతుంది. మొదలు దగ్గర గీరినా లోపల ఎండిపోయి గోధుమ రంగులో కనిపిస్తేనే ఆశ వదులుకోవాలి.

ప్రశ్న: మా పీచ్ చెట్టు నాలుగేళ్లుగా పచ్చగా ఉంది గాని పూత లేదు. మా పెంపకంలో లోపమా? అది ఏ రకమో ఎలా తెలుస్తుంది?
– ఒక రైతు, రామభద్రపురం

సమాధానం: లోపం మీది కాదండి, వాతావరణానిది. పీచ్ పూయాలంటే చలికాలంలో సుమారు 7 డిగ్రీల లోపు చలి కొన్ని వందల గంటలైనా తగలాలి. పంజాబ్ మైదానాల్లో వేసే షాన్-ఎ-పంజాబ్, ఫ్లోర్డాప్రిన్స్ రకాలకు తక్కువ చలి చాలు గాని, మన వైపు ఆ కాస్త కూడా దొరకదు. ఆకును బట్టి రకం తేల్చలేం. పండు కండ తెలుపా పసుపా, టెంక కండను వదులుతుందా అన్నది చూడాలి. పూత లేకపోవడం జబ్బు కాదు, కాండం నుంచి బంక కారితే మాత్రం ఆలస్యం చేయకండి.

ప్రశ్న: సువర్ణరేఖ అని చెప్పి మామిడి అంటు అమ్మారు. కొత్త ఆకులు ఎర్రగా వస్తున్నాయి. తెగులా, వేరే రకమా?
– ఒక పాఠకురాలు, బాడంగి

సమాధానం: రెండూ కాదమ్మా, మామిడి లేత ఆకు రాగి రంగులో వచ్చి తర్వాత పచ్చబడుతుంది. రకం సంగతి కాయ చెబుతుంది: సువర్ణరేఖకు తొడిమ దగ్గర భుజాల మీద ఎర్రటి ఛాయ ఉంటుంది, బంగినపల్లి నున్నటి తొక్కతో పసుపుగా పండుతుంది, కలెక్టర్ కాయకు కొసన ముక్కు ఉంటుంది. అంటు కట్టిన చోటుకు కింద నుంచి చిగుళ్లు వస్తే ఎప్పటికప్పుడు తుంచేయండి. పై కొమ్మ ఎండిపోయి కింది చిగురే పెరిగితే, అది మీరు కొన్న రకం కాదు.

ప్రశ్న: బంగినపల్లి టెంక పాతితే వచ్చిన చెట్టుకు పుల్లటి చిన్న కాయలు కాశాయి. కొట్టేయమంటున్నారు.
– ఒక రైతు, తెర్లాం

సమాధానం: తొందరపడి గొడ్డలి పట్టకండి. వేరే చెట్టు పుప్పొడి కలవడం వల్ల టెంక మొక్క తల్లిని పోలకపోవడం మామూలే, అందుకే మంచి రకాలను అంటు కడతారు. ఆరోగ్యంగా ఉన్న చెట్టయితే కొమ్మలు కోసి, కొత్తగా వచ్చిన చిగుళ్ల మీద బంగినపల్లి అంటు కట్టించుకోవచ్చు. కాండానికి రంధ్రాలు పడి రంపపు పొట్టు రాలుతుంటే మాత్రం, ముందు రస్తాకుంటుబాయి కృషి విజ్ఞాన కేంద్రం వారిని అడగండి.