ఆటిజం ఉన్న బిడ్డకు ప్రభుత్వ శిక్షణ

ఈ భాగం చదివాక, ఆటిజం ఉన్న బిడ్డకు ఉచిత శిక్షణ ఎక్కడ దొరుకుతుందో, అది చాలకపోతే ఏం చేయాలో మీరు చెప్పగలుగుతారు.

రెండేళ్ల బిడ్డ పేరు పెట్టి పిలిచినా పలకడం లేదనుకోండి. "మాటలు ఆలస్యంగా వస్తాయిలే" అని ఊరుకోకండి. అంగన్‌వాడీ కార్యకర్తకు చెప్పండి. వినికిడి పరీక్ష చేయించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలు ఏర్పడ్డాయి. వీటినే డైస్ కేంద్రాలంటారు. అక్కడ పరీక్షలకూ శిక్షణకూ రుసుము ఉండదు.

అయితే పిల్లలు ఎక్కువ, నిపుణులు తక్కువ. నెలకొకసారి పిలిస్తే అది చాలదు. అందుకని వెళ్లిన ప్రతిసారీ ఇవి అడగండి:

1. వారానికి ఎన్నిసార్లు శిక్షణ అవసరమో రాసివ్వమనండి.
2. ఇంట్లో చేయించవలసినవి చేసి చూపమనండి. ఉదాహరణకు, బిడ్డ చేయి చాపితే "పాలు" అని చెప్పి ఇవ్వడం.
3. తరువాతి తేదీ వేయించుకోండి.

ఆ కాగితం జతచేసి, మరిన్ని తేదీల కోసం కలెక్టరు గారికి అర్జీ పెట్టుకోవచ్చు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. కాబట్టి మీరు అడిగేది దయ కాదు, హక్కు.

అభ్యాసం

1. నిపుణుల సలహాను రాయించుకోవడం ఎందుకు అవసరం?
2. మీ జిల్లా డైస్ కేంద్రం ఎక్కడుందో కనుక్కొని రాయండి.